ఇంజనుకు పెద్ద నోరు పెడితే బలం పెరుగుతుందా?

"మాష్టారూ! మా అన్నయ్య కారుకు పెద్ద థ్రాటిల్ బాడీ వేయిస్తానంటున్నాడు. దానితో కారు బలం బాగా పెరుగుతుందట. నిజమేనా?"

పీడనం పాఠం ముగిసిన రోజున పదో తరగతి పిల్లవాడొకడు నన్నడిగిన ప్రశ్న ఇది. వివరాలు అడిగితే మరికొంత చెప్పాడు. వాళ్ల అన్నయ్య రెండేళ్లుగా జీతంలో మిగుల్చుకున్న సొమ్మును దీనికే ఖర్చు చేయాలనుకుంటున్నాడు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క కారే. వాళ్ల నాన్నగారు బజారుకు వెళ్లినా, ఆస్పత్రికి వెళ్లినా అందులోనే. అలాంటప్పుడు అవుననో, కాదనో ఒక్క ముక్క చెప్పి ఊరుకోవడం భావ్యం కాదనిపించింది.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి పెద్ద పెద్ద చదువులు అక్కర్లేదు. గాలి పీడనం, వృత్త వైశాల్యం, కొసైన్ పట్టిక - ఈ మూడూ మీకు తెలిసినవే. రండి, వాటితోనే చూద్దాం.

ఇంజను ఊపిరి

పెట్రోలు ఇంజను కూడా మనలాగే గాలి పీల్చుకుంటుంది. సిలిండరులో పిస్టను కిందికి దిగేటప్పుడు లోపల చోటు పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. బయటి వాతావరణ పీడనం గాలిని లోపలికి నెడుతుంది. ఒక కిలో పెట్రోలు చక్కగా మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. కనుక ఇంజను ఎంత గాలి పీలిస్తే అంత పెట్రోలును మండించగలదు, అంత బలం ఇవ్వగలదు.

అయితే మనకు ఎల్లప్పుడూ పూర్తి బలం అక్కర్లేదు. బజారులో ఎడ్లబండి వెనుక పోయేటప్పుడు కొంచెం చాలు. అందుకని గాలి దారిలో ఒక తలుపు పెట్టారు. అదే థ్రాటిల్. ఒక గొట్టం, దాని మధ్యలో గుండ్రని పళ్లెం, ఆ పళ్లేన్ని తిప్పే ఇరుసు - స్థూలంగా థ్రాటిల్ బాడీ అంటే ఇంతే. డ్రైవరు యాక్సిలరేటరు పెడల్ తొక్కితే పళ్లెం తిరిగి దారి తెరుచుకుంటుంది. కాలు తీస్తే స్ప్రింగు దాన్ని మళ్లీ మూసేస్తుంది.

సూది లేని ఇంజెక్షన్ సిరంజిని తీసుకోండి. దాని మూతిని వేలితో మూసి, వెనుక కాడను లాగండి. వేలిని లోపలికి లాగినట్లుంటుంది. వేలిని కొద్దిగా ఎత్తితే గాలి 'స్...' మంటూ దూరుతుంది. పూర్తిగా తీసేస్తే కాడ సులువుగా వస్తుంది. మీ వేలే థ్రాటిల్, సిరంజి సిలిండరు! ఇక్కడొక సంగతి గమనించాలి. థ్రాటిల్ ఇంజనులోకి గాలిని నెట్టదు. ఇంజను పీల్చబోయే గాలికి అడ్డుపడుతుంది, అంతే. అడ్డు తొలగిస్తే ఇంజను తాను పీల్చగలిగినంత పీలుస్తుంది. అంతకు మించి పీల్చలేదు.

గాజుతో ఒక ప్రయోగం

మీ అక్కయ్యనో, చెల్లెలినో ఒక గాజు అడిగి తీసుకోండి. పాత పెళ్లి శుభలేఖ అట్టనుంచి గాజు లోపల సరిగ్గా ఇమిడే బిళ్లను కత్తిరించండి. బిళ్లకు అడ్డంగా, నడిమధ్యగా ఒక చీపురు పుల్లను అతికించండి. ఇప్పుడు బిళ్లను గాజులో నిలిపి, కిటికీ వెలుతురు వైపు పట్టుకుని, ఒక కన్ను మూసి ఎదురుగా చూడండి. వెలుతురు రాదు. పుల్లను మెల్లగా తిప్పండి. పైనా, కిందా నెలవంకల్లాంటి రెండు సందులు కనిపిస్తాయి. గాలి పోయే దారి ఇదే.

ఏ కోణానికి ఎంత సందు ఏర్పడుతుంది? తిరిగిన బిళ్ల ఎదురుగా చూస్తే దీర్ఘవృత్తంలా కనిపిస్తుంది. దాని వైశాల్యం పూర్తి వృత్త వైశాల్యాన్ని ఆ కోణపు కొసైన్‌తో గుణించినంత. కనుక తెరుచుకున్న భాగం ఒకటిలోంచి కొసైన్ తీసివేయగా మిగిలినది. ఇరుసు మందాన్ని వదిలేసి లెక్కవేస్తే ఇలా వస్తుంది:

10 డిగ్రీలు - 1.5 శాతం
20 డిగ్రీలు - 6 శాతం
30 డిగ్రీలు - 13.4 శాతం
45 డిగ్రీలు - 29.3 శాతం
60 డిగ్రీలు - 50 శాతం
90 డిగ్రీలు - 100 శాతం

చూశారా! మొదటి 10 డిగ్రీల్లో తెరుచుకునేది నూటికి ఒకటిన్నర వంతే. రోజూ ఊళ్లో నడిపే నడకంతా దాదాపు ఈ పట్టికలోని పై వరుసల్లోనే జరుగుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత అవసరమవుతుంది.

పెద్దది పెడితే లాభమెంత?

లెక్కకు అనువైన నిజమైన ఉదాహరణ అమెరికాలో దొరుకుతుంది. జనరల్ మోటార్స్ కంపెనీ 1997 కార్వెట్ కారులో ఎల్.ఎస్.1 అనే ఎనిమిది సిలిండర్ల ఇంజను పెట్టింది. దాని పరిమాణం 5.7 లీటర్లు, థ్రాటిల్ వ్యాసం సుమారు 75 మిల్లీమీటర్లు, బలం 345 అశ్వశక్తి. 2005 కార్వెట్‌లో దాని తరువాతి తరం ఎల్.ఎస్.2 వచ్చింది. ఇది 6 లీటర్ల ఇంజను. దీని థ్రాటిల్ 90 మిల్లీమీటర్లు, బలం 400 అశ్వశక్తి. ఇది చూసి చాలామంది, "ఆ 90 తెచ్చి మన పాత ఇంజనుకు పెడితే పోలా!" అనుకున్నారు. పెడితే ఏమవుతుందో చూద్దాం.

నాలుగు దశల ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒకసారి నిండుతుంది. నిమిషానికి 6000 చుట్లంటే సెకనుకు 100 చుట్లు, అంటే 50 సార్లు నిండడం. 5.7ను 50తో గుణిస్తే సెకనుకు 285 లీటర్ల గాలి.

75 మిల్లీమీటర్ల ద్వారం వైశాల్యం 44.2 చదరపు సెంటీమీటర్లు. అందులోంచి సెకనుకు 285 లీటర్లు పోవాలంటే గాలి సెకనుకు సుమారు 64 మీటర్ల వేగంతో పరుగెత్తాలి. 90 మిల్లీమీటర్ల ద్వారం వైశాల్యం 63.6 చదరపు సెంటీమీటర్లు. అందులో సెకనుకు 45 మీటర్ల వేగం చాలు.

పరుగెత్తే గాలిలో పీడనం తగ్గుతుందని స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు డేనియల్ బెర్నౌలీ 1738లో ప్రచురించిన గ్రంథం నుంచి మనకు తెలుసు. గాలి సాంద్రతను వేగ వర్గంతో గుణించి, రెండుతో భాగిస్తే ఆ తగ్గుదల వస్తుంది. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు అనుకుంటే, చిన్న ద్వారంలో తగ్గుదల సుమారు 2500 పాస్కల్‌లు, పెద్ద ద్వారంలో సుమారు 1200 పాస్కల్‌లు. వాతావరణ పీడనం లక్ష పాస్కల్‌లకు పైగా ఉంటుంది కదా! కనుక మొదటిది నూటికి రెండున్నర, రెండవది నూటికి ఒకటింపావు. ద్వారం దాటాక ఈ పీడనం ఏమీ తిరిగి రాలేదని అనుకున్నా, పెద్ద ద్వారం వల్ల మిగిలేది నూటికి సుమారు 1.3 వంతులు. 345 అశ్వశక్తిలో అది నాలుగైదు అశ్వశక్తులు!

అదీ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతూ, పెడల్ నేలకంటా తొక్కి ఉన్నప్పుడే. 2000 చుట్ల వద్ద గాలి వేగం మూడో వంతు. పీడనం తగ్గుదల వేగ వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక తొమ్మిదో వంతే. అక్కడ లాభం లెక్కలోకి రాదు.

మరి 2005 ఇంజనుకు 55 అశ్వశక్తులు ఎలా పెరిగాయి? ఆ ఇంజను పెద్దది. దాని సంపీడన నిష్పత్తి ఎక్కువ. పిస్టన్ల పైన ఉండే హెడ్‌లలో గాలి దారులు మెరుగు. ఇంజను ఆకలి పెరిగింది కనుక నోరు కూడా పెంచారు. నోరు పెరిగినందువల్ల ఆకలి పెరగలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. థ్రాటిల్ తరువాత వచ్చే గాలి గొట్టం మూతి పాత కొలతలోనే ఉంటే, ముందు ఎంత పెద్ద ద్వారం పెట్టినా ప్రయోజనం లేదు. వెడల్పాటి గరాటు పెట్టినంత మాత్రాన సీసా మెడ వెడల్పవుతుందా?

నష్టం ఎక్కడ?

లాభం కొంచెమే అయినా, నష్టం లేకపోతే పెట్టుకోవచ్చు కదా అంటారేమో. ఇప్పుడు మన పట్టిక దగ్గరికి తిరిగి వెళదాం.

చిన్న ద్వారంలో పళ్లెం 10 డిగ్రీలు తిరిగితే ఏర్పడే సందు 0.67 చదరపు సెంటీమీటర్లు. పెద్ద ద్వారంలో అదే 10 డిగ్రీలకు 0.97. అంటే కాలు అంతే నొక్కినా దారి 44 శాతం ఎక్కువ!

ఇంజను నెమ్మదిగా ఊరికే తిరుగుతున్నప్పుడు థ్రాటిల్ వెనుక పీడనం వాతావరణ పీడనంలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అది 53 శాతం కంటే తగ్గితే చాలు, ఆ నెలవంక సందులో గాలి ధ్వని వేగాన్ని అందుకుంటుంది. అక్కడినుంచి లోపల ఎంత లాగినా వేగం ఇక పెరగదు. ఎంత గాలి పోతుందనేది సందు వైశాల్యం మీదనే ఆధారపడుతుంది. సందు 44 శాతం పెరిగితే గాలి కూడా 44 శాతం పెరుగుతుందన్నమాట.

దీని ఫలితం ఏమిటి? సందులో కారు బయలుదేరదీయాలని కాలు కొంచెం ఆనిస్తారు. కారు మెల్లగా కదలడానికి బదులు ఒక్క ఉదుటున ముందుకు దూకుతుంది. ఉలిక్కిపడి కాలు తీస్తారు, కారు ముందుకు తూగి ఆగుతుంది. మళ్లీ తొక్కుతారు, మళ్లీ దూకుతుంది. వెనుక కూర్చున్న పెద్దవాళ్లకు నడుము పట్టేస్తుంది. తమాషా ఏమిటంటే, నడిపేవాడికి ఆ మొదటి దూకుడు చూసి "అబ్బ! ఎంత బలం పెరిగింది!" అనిపిస్తుంది. పెరిగింది బలం కాదు. పెడల్ మొదటి భాగంలో రావలసిన దానికంటే ఎక్కువ వచ్చేస్తోంది, చివరి భాగంలో తొక్కినా కొత్తగా వచ్చేది లేదు.

ఇక మూసి ఉన్న స్థితి. పళ్లెం ఎంత బాగా మూసినా అంచు చుట్టూ వెంట్రుకవాసి సందు ఉంటుంది. వ్యాసం 75 నుంచి 90కి పెరిగితే చుట్టుకొలత 20 శాతం పెరుగుతుంది, కారే గాలి కూడా ఆ మేరకు పెరుగుతుంది. కాలు తీసినా ఇంజను 'రేసు' మీదే ఉండడానికి ఇదొక కారణం.

కార్బురేటర్ల నాటి మాట

"పెద్ద థ్రాటిల్ పెడితే కింది స్పీడులో బలం చస్తుంది" అని పాత మెకానిక్‌లు అంటూంటారు. వారి అనుభవం అబద్ధం కాదు, అది కార్బురేటర్ల నాటిది. కార్బురేటరులో గాలి దారి మధ్యలో సన్నబడుతుంది. అక్కడ గాలి వేగం పెరిగి, పీడనం తగ్గి, పెట్రోలును పైకి లాగుతుంది. దారి మరీ వెడల్పయితే నెమ్మది నడకలో గాలి వేగం చాలదు. పెట్రోలు సరిగా పైకి రాదు, వచ్చినా తుంపరలుగా చెదరదు. ఇంజను దగ్గుతుంది.

దీనికి ఇంగ్లండులో స్కిన్నర్ సోదరులు చక్కని ఉపాయం కనిపెట్టారు. వారి కార్బురేటరులో ఇంజను పీల్పును బట్టి ఒక ముషలకం తనంతట తానే పైకీ కిందికీ కదిలి, గాలి దారిని వెడల్పు చేస్తుంది, ఇరుకు చేస్తుంది. అందువల్ల గాలి వేగం ఎప్పుడూ దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. స్కిన్నర్ యూనియన్ అన్న మాటల్లోని మొదటి అక్షరాలతో అది 'ఎస్.యు.' కార్బురేటరుగా ప్రసిద్ధి చెందింది. మోరిస్ మైనర్, మినీ కార్లలో ఉన్నది అదే. మరికొన్ని కార్బురేటర్లలో రెండు ద్వారాలుంటాయి. మామూలుగా చిన్నది ఒక్కటే పనిచేస్తుంది. పెడల్ బాగా తొక్కినప్పుడు మాత్రమే రెండవది తెరుచుకుంటుంది. చిన్న పనికి చిన్న ద్వారం, పెద్ద పనికి రెండూ!

నేటి కార్లలో పెట్రోలును ఇంజెక్టరు పిచికారీ చేస్తుంది. పెట్రోలును లాగే పని గాలికి లేదు. కనుక వాటిలో పెద్ద థ్రాటిల్ వల్ల వచ్చే చిక్కు బలం చావడం కాదు, కాలికి అదుపు తప్పడం.

తప్పనిసరిగా పెట్టవలసి వస్తే

ఇంజనును నిజంగానే పెద్దది చేసినవారికీ, పందేలకు సిద్ధం చేసేవారికీ పెద్ద థ్రాటిల్ అవసరమే. అప్పుడు రోజువారీ నడక చెడకుండా నాలుగు సంగతులు చూసుకోవాలి.

మొదటిది, పెడల్‌కూ పళ్లేనికీ ఉన్న సంబంధం. మన ఉదాహరణలో పాత పళ్లెం 10 డిగ్రీలకు ఇచ్చిన సందును కొత్తది 8.3 డిగ్రీలకే ఇస్తుంది. 30 డిగ్రీల సందును 25కే ఇస్తుంది. కనుక పెడల్ మొదటి భాగంలో పళ్లెం తక్కువగా, చివరి భాగంలో ఎక్కువగా తిరగాలి. తీగతో లాగే థ్రాటిల్ అయితే గుండ్రని కప్పీకి బదులు, వ్యాసార్థం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉండే కప్పీ వేస్తారు. వ్యాసార్థం ఎక్కువగా ఉన్నచోట తీగ అంతే కదిలినా పళ్లెం తక్కువ తిరుగుతుంది. విద్యుత్ మోటారుతో తిరిగే థ్రాటిల్ అయితే కప్పీ అక్కర్లేదు. పెడల్ ఎంత నొక్కితే పళ్లేన్ని ఎంత తిప్పాలో కంప్యూటరులోని పట్టికలో మారుస్తారు.

రెండవది, ఊరికే తిరిగే వేగం. పళ్లెం నిలిచే చోటునూ, అదనపు గాలినిచ్చే చిన్న కవాటాన్నీ మళ్లీ సరిచేయాలి.

మూడవది, పెట్రోలు లెక్క. కొన్ని ఇంజన్లలో, ముఖ్యంగా కొన్ని మోటారు సైకిళ్లలో, పళ్లెం కోణాన్ని చూసి గాలి ఎంతో కంప్యూటరు అంచనా వేస్తుంది. కోణం అదే, గాలి 44 శాతం ఎక్కువ! పాత పట్టిక ప్రకారం పోసిన పెట్రోలు చాలదు, ఇంజను తడబడుతుంది. ఆ పట్టికను తిరిగి రాయించాలి. గాలినో, పీడనాన్నో నేరుగా కొలిచే ఇంజన్లలో ఈ బాధ తక్కువ. అయినా పెడల్‌ను గబుక్కున తొక్కినప్పుడు తేడా తెలుస్తుంది.

నాలుగవది అన్నిటికంటే ముఖ్యం. పళ్లెం ఎక్కడా పట్టేయకూడదు. కాలు తీసినప్పుడు అది మూసుకోకపోతే కారు ఆగదు. కొత్త పళ్లెం అంచు గొట్టానికి తగిలి ఇరుక్కున్నా, తీగ ఎక్కడైనా చిక్కుకున్నా ప్రాణాల మీదికి వస్తుంది. చాలా పెట్రోలు కార్లలో బ్రేకుకు సాయపడే పరికరం కూడా థ్రాటిల్ వెనుక ఉండే తక్కువ పీడనంతోనే పనిచేస్తుంది. అతుకుల దగ్గర గాలి కారితే ఆ సాయం తగ్గుతుంది. ఇది ఇంటి దగ్గర చేసుకునే పని కాదు. పైగా మన దేశంలో బండిని తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నియంత్రిస్తుందని కూడా తెలిసి ఉండాలి.

ముందు కొలత, తరువాత ఖర్చు

ఇంతా విన్నాక మా పిల్లవాడు, "అయితే మాష్టారూ, మా కారుకు ఇప్పుడున్న ద్వారం చాలుతుందో లేదో తెలిసేదెలా?" అన్నాడు. అదీ అసలు ప్రశ్న!

చాలా ఇంజన్లలో థ్రాటిల్ వెనుక పీడనాన్ని కొలిచే సాధనం ఉంటుంది. మెకానిక్ దగ్గరుండే స్కానరు పెడితే ఆ అంకె కనిపిస్తుంది. ఇంజను స్టార్టు చేయకముందు అది చూపేది వాతావరణ పీడనం. సముద్ర తీరపు ఊళ్లలో సుమారు 101 కిలోపాస్కల్‌లు, ఎత్తు మీదున్న హైదరాబాదులో సుమారు 95. తరువాత పెడల్ పూర్తిగా తొక్కి, ఇంజను జోరుగా తిరిగేటప్పుడు మళ్లీ చూడాలి. రెండు అంకెలూ దగ్గరగా ఉంటే గాలి దారిలో అడ్డు లేనట్లే. ఎంత పెద్ద థ్రాటిల్ పెట్టినా ఆ కొద్ది తేడాకు మించి లాభం రాదు.

వాళ్ల అన్నయ్య మెకానిక్‌ను వెంటబెట్టుకుని, ఊరి బయట ఖాళీ రోడ్డు మీద అలాగే కొలిపించాడు. స్టార్టు చేయకముందు 100. పూర్తి జోరులో 93. "చూశారా, ఏడు తేడా! పెద్దది పెట్టాల్సిందే" అన్నాడట. మెకానిక్ మాత్రం తొందరపడకుండా గాలి వడపోసే ఫిల్టరు పెట్టె విప్పాడు. ఫిల్టరు దుమ్ముతో గోనెపట్టాలా ఉంది. కొత్త ఫిల్టరు వేసి మళ్లీ కొలిస్తే 97 వచ్చింది.

అన్నయ్య సొమ్ము మిగిలింది. నాన్నగారి ఆస్పత్రి ప్రయాణాలు కుదుపులు లేకుండా సాగుతున్నాయి.

ఈ నెల మీరు చేయవలసిన పని: ఇంట్లో గాని, బడిలో గాని రెండు రకాల కుళాయిలు వెతకండి. ఒకటి పావు చుట్టుతోనే పూర్తిగా తెరుచుకునేది, రెండవది మూడు నాలుగు చుట్లు తిప్పవలసినది. ఒక్కొక్కదాన్నీ కొద్దికొద్దిగా తెరుస్తూ, పది సెకన్లలో ఎన్ని నీళ్లు పడ్డాయో కొలత గ్లాసుతో కొలిచి గ్రాఫు గీయండి. ఆ నీళ్లను పారబోయకుండా మొక్కలకు పోయండి. సన్నని ధార కావాలంటే ఏ కుళాయి మీ చేతి మాట వింటుందో ఆ గ్రాఫే చెబుతుంది.